హైవే మీద ర్యాపిడ్ రెస్పాన్స్ బండి పెట్టాలనుకుంటున్నాం, లోపల ఏం ఉండాలి?

వెల్దుర్తి_శీను | కర్నూలు జిల్లా

అందరికీ నమస్కారం. మా ఊరి వ్యాపారులు, బయట ఉద్యోగాలు చేసే కుర్రాళ్ళు కలిసి కొంత డబ్బు పోగు చేశారు. 44వ నంబరు హైవే మీద వెల్దుర్తికీ డోన్‌కీ మధ్య ప్రమాదం జరిగితే 108 వచ్చేలోపు అక్కడికి చేరే చిన్న బండి ఒకటి పెట్టాలని ఆలోచన. పేషంట్‌ని ఎక్కించుకుని పోయేది కాదు, ముందు పోయి చేతనైనది చేసేది. 2021 ఫిబ్రవరి 14న మాదార్‌పురం దగ్గర టెంపో, లారీ ఢీకొని 14 మంది పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది, అప్పటి నుంచి ఈ మాట మా ఊళ్ళో నలుగుతూనే ఉంది.

సెకండ్ హ్యాండ్ బొలెరో చూస్తున్నాం. గుండెకి షాక్ ఇచ్చే ఏఈడీ, ఆక్సిజన్, స్ట్రెచర్, సైరన్, లైట్ బార్, ఇన్వర్టర్, చిన్న ఫ్రిజ్, పాముకాటు మందు... లిస్టు పెరుగుతా పోతోంది. ఏది ఉంచాలో ఏది తీసేయాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. బూతులు తప్ప ఏమన్నా అనండి.

నాపరాయి_లారీ | బేతంచెర్ల

శీనూ, 108 ఉంది. టోల్ వాళ్ళ అంబులెన్స్ ఉంది, హైవే హెల్ప్‌లైన్ 1033కి చేస్తే వస్తుంది, అమకతాడు టోల్ మీకు పక్కనే. మూడో బండి ఎందుకు? ఆర్నెల్లు పోతే బండి మీద దాతల పేర్లు మిగుల్తాయి, డీజిల్‌కి డబ్బులుండవు. ఇట్లాంటివి చాలా చూసినాం. ఆ డబ్బుతో దాబాల వాళ్ళకి, పంక్చర్ షాపుల వాళ్ళకి రక్తం ఎట్లా ఆపాలో నేర్పించు, వాళ్ళు రాత్రీ పగలూ రోడ్డు మీదే ఉంటారు.

పాత_ఈఎంటీ | అనంతపురం

నేను 108లో కొన్నేళ్ళు ఈఎంటీగా, అంటే అంబులెన్స్‌లో ముందు చికిత్స చేసే మనిషిగా, పని చేసి మానేశాను. లారీ అన్న చెప్పింది కొట్టిపారేయొద్దు శీను గారూ, కానీ మీ ఆలోచనా తప్పు కాదు. లిస్టు పక్కన పెట్టి ముందు ఒకటి తేల్చుకోండి. మీ బండి చేరిన తర్వాత అంబులెన్స్ రావడానికి ఎంతసేపు పడుతుంది? 10 నిమిషాలైతే ఒక రకం సామాను, 40 నిమిషాలైతే ఇంకో రకం. హైవే మీద ఒక ప్రమాదానికి అంబులెన్స్ తొందరగానే రావచ్చు, కానీ అదే టైములో దగ్గర్లోని బండి ఒక కాన్పు కేసుని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోతూ ఉంటే పక్క మండలం బండి రావాలి. మీరు సిద్ధపడాల్సింది ఆ రోజుకి.

రెండోది, బండిలో ఏముందనేది కాదు, బండి దిగి చేత పట్టుకుని ఏం తీసుకుపోతారనేది చూడండి. కారు పల్టీ కొట్టి రోడ్డు కింద జొన్న చేలో పడి ఉంటుంది, మీ బొలెరో పైన ఆగుతుంది. వెనక డిక్కీలో అందంగా అరలు చేయించి అందులో మందులు సర్దితే దిగి పరుగెత్తేటప్పుడు ఒక్కటీ చేతికి రాదు. అంతా బ్యాగుల్లో ఉండాలి. ఎర్ర బ్యాగులో రక్తస్రావం సామాను మాత్రమే: కాలికో చేతికో బిగించి రక్తం ఆపే టూర్నికే పట్టీలు నాలుగైనా, గాయంలో కుక్కే గాజ్ (పల్చటి కట్టు గుడ్డ) బోలెడు, ప్రెజర్ బ్యాండేజీలు, తుంటి ఎముక విరిగితే కట్టే బెల్టు, బట్టలు కత్తిరించే కత్తెర. ఇంకో బ్యాగులో ఊపిరికి సంబంధించినవి, పెద్దలకీ పిల్లలకీ చేత్తో నొక్కి ఊపిరి ఎక్కించే అంబు బ్యాగ్, మాస్కులు, నోట్లో పెట్టే ఎయిర్‌వే గొట్టాలు అన్ని సైజుల్లో, నోట్లోని నురగ, రక్తం లాగేసే చేతి సక్షన్. కరెంటు సక్షన్ కొనండి, కానీ చేతిది లేకుండా కొనొద్దు. మూడోది కాన్పు కిట్, దీన్ని అందరూ మర్చిపోతారు. ప్రతి బ్యాగు జిప్పుకి ప్లాస్టిక్ సీల్ వేసి తేదీ రాయండి. సీల్ తెగి ఉంటే ఎవరో వాడినట్టు, నింపాలి. తెగకపోతే డ్యూటీ మారినప్పుడల్లా అంతా బయటికి తీసి లెక్కపెట్టే పని ఉండదు. మా దగ్గర ఇదొక్కటి సరిగ్గా ఉంటే సగం గొడవలు తగ్గేవి.

ఆక్సిజన్ లెక్క చెప్తా. బి టైప్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 15 లీటర్లు వదిలితే 100 నిమిషాలు, 10 అయితే రెండున్నర గంటలు. ఇది ఒక్క మనిషికి. ఇద్దరు గాయపడితే సగం. డి టైప్ పెద్ద సిలిండర్ మీకు వద్దు, దాన్ని దించడానికే ఇద్దరు కావాలి.

గువ్వలచెరువు_మలుపు | కడప

మా గువ్వలచెరువు ఘాట్‌లో ఈ బాధ రోజూ చూస్తాం. లారీ బ్రేకులు పోయి లోయలోకి జారితే రెండు వైపులా ట్రాఫిక్ ఆగిపోతుంది, అంబులెన్స్ ఆ క్యూలో వెనక ఇరుక్కుంటుంది. రాయచోటి వైపు నుంచి వచ్చేదీ అంతే, కడప వైపు నుంచి వచ్చేదీ అంతే. అక్కడ బొలెరో కూడా పనికిరాదు బ్రదర్, బైక్ కావాలి. పాలకోవా కొట్ల దగ్గర ఒక బైక్, ఒక బ్యాగు, ట్రైనింగ్ ఉన్న ఒక మనిషి ఉంటే నాలుగు చక్రాల బండి కంటే ముందు చేరతాడు.

కాటన్_మార్కెట్ | ఆదోని

బైక్ అంటే గుర్తొచ్చింది, మా దేవరగట్టు బన్ని ఉత్సవానికి కూడా అదే కావాలి. దసరా రాత్రి కర్రల సమరంలో తలలు పగుల్తాయి, ప్రతి ఏడూ ముందే మెడికల్ క్యాంపు పెడతారు, అంబులెన్సులు నిలబెడతారు, కానీ ఆ జనంలో కొండ దగ్గరి నుంచి క్యాంపు దాకా మనుషులే మోసుకు రావాలి. అక్కడికి నడిచి పోయి కట్టు కట్టేవాళ్ళు ఉండాలి.

లీడ్స్_కడపోడు | ఇంగ్లండ్

మాది ప్రొద్దుటూరు, ఇక్కడ అంబులెన్స్ సర్వీసులో పని చేస్తున్నా. ఇక్కడ కారులో ఒక్క పారామెడిక్‌ని పంపే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. జర్మనీలో డాక్టర్ వేరే కారులో వస్తాడు, అంబులెన్స్ వేరేగా వస్తుంది, ఇద్దరూ పేషంట్ దగ్గర కలుస్తారు. ఇవన్నీ వినడానికి బాగుంటాయి, ఒక పాఠం మాత్రం అడగకపోయినా చెప్తా.

2017కి ముందు ఇంగ్లండ్‌లో ప్రాణాపాయం ఉన్న కాల్స్‌లో 75 శాతానికి 8 నిమిషాల్లో ఎవరో ఒకరు చేరాలని టార్గెట్. కారు చేరితే గడియారం ఆగినట్టే. ఏం జరిగిందంటే, కారుని తొందరగా పంపి లెక్క తీర్చేసుకోవడం మొదలైంది. పక్షవాతం వచ్చిన ముసలాయన దగ్గర కారు పారామెడిక్ కూర్చుని బీపీ చూస్తూ ఉంటాడు, ఆయన్ని ఆసుపత్రికి చేర్చే బండి ఎప్పుడొస్తుందో తెలియదు. కాగితం మీద మాత్రం టార్గెట్ అందింది. పక్షవాతానికి రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, అంతకంటే ముందు స్కాన్ తీయాలి, కారు డిక్కీలో స్కాన్ ఉండదు కదా. తర్వాత లెక్క మార్చారు. అట్లాంటి కేసుల్లో పేషంట్‌ని తీసుకెళ్ళాల్సి వస్తే, తీసుకెళ్ళే బండి చేరితేనే గడియారం ఆగుతుంది.

మీ బండి తిరగడం మొదలయ్యాక కూడా ఇదే జరుగుతుంది, చూడండి. "శీను వాళ్ళ బండి పోయిందిలే" అని జనం 108కి ఫోన్ చేయడం మానేస్తారు. మీకు కాల్ వచ్చిన ప్రతిసారీ మొదట మీరే 108కి చేయాలి, వాళ్ళు చేశారో లేదో అని అడక్కుండా.

నాపరాయి_లారీ | బేతంచెర్ల

ఇదే నేను చెప్పేది. నా మాట ఎవరూ వినరు, ఇంగ్లండ్ నుంచి చెప్తే వింటారు 😀

ఆర్టీవో_ముచ్చట్లు | కడప

సైరన్, లైట్ బార్ కొన్నారా ఇంకా లేదా? కొనకపోతే ఆగండి. మోటారు వాహనాల రూల్స్ ప్రకారం ఆ శబ్దాలు అంబులెన్స్, ఫైరింజన్, పోలీసు లాంటి బండ్లకే, అదీ రిజిస్టర్ చేసే అధికారి ఒప్పుకుంటేనే. మామూలు సొంత బండిగా ఉన్న బొలెరోకి పైన లైట్లు తగిలించి తిరిగితే మొదటి చెక్‌పోస్టు దగ్గరే పీకేస్తారు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేస్తారు. దేశంలో అంబులెన్సులకి ఏఐఎస్ 125 అని ఒక ప్రమాణం ఉంది. అందులో ఏ, బి, సి, డి నాలుగు రకాలు. డి అంటే అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్, సి అంటే బేసిక్, బి పేషంట్‌ని ఊరికే తీసుకెళ్ళేది, ఏ అంటే మీరు చెప్పే ఫస్ట్ రెస్పాండర్ బండి, అందులో పడుకోబెట్టి తీసుకెళ్ళే ఏర్పాటు అక్కర్లేదు. మీది ఏ కింద రావాలి. మార్పులు చేసేముందే ఆర్టీవో ఆఫీసుకి పోయి రాతపూర్వకంగా అడగండి, చేసేశాక పోతే వాళ్ళు చెప్పేది వేరేగా ఉంటుంది, ఎందుకో మీకు తెలుసు.

ఇంకోటి, అంబులెన్స్‌కి దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా అని 2019 సవరణలో వచ్చిన 194ఈ సెక్షన్ ఉంది. ఆ హక్కు మీకూ దక్కాలంటే కాగితాలు సరిగ్గా ఉండాలి. అదే సవరణలో 134ఏ కింద సాయం చేసినవాళ్ళకి రక్షణ ఉంది, దాబా వాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు ఇది ముందు చెప్పండి, సగం మంది పోలీసు కేసు టెన్షన్‌తోనే దగ్గరికి రారు.

రాత్రి_డ్యూటీ | కర్నూలు

నేను క్యాజువాలిటీలో డాక్టర్ని. లిస్టులో పాముకాటు మందు చూసి ఆగలేక రాస్తున్నా. తీసేయండి.

ఆ మందు వల్ల కొందరికి క్షణాల్లో ఒళ్ళంతా దద్దుర్లు లేచి, బీపీ పడిపోయి, ఊపిరి ఆగే పరిస్థితి వస్తుంది. డాక్టర్, ఆ రియాక్షన్‌ని ఆపే అడ్రినలిన్ ఇంజెక్షన్, పడుకోబెట్టే మంచం లేకుండా హైవే పక్కన మొదలుపెట్టే పని కాదది. మొదటి డోసే 8 నుంచి 10 వయల్స్, మీరు ఒకటో రెండో పెట్టుకుని ఏం చేస్తారు? పాము కరిచినవాళ్ళకి మీరు చేయాల్సింది కాలు కదలకుండా చెక్క కట్టడం, నడవనివ్వకపోవడం, బిగుతుగా కట్టిన తాళ్ళుంటే వైద్యులకి చెప్పడం, దగ్గర్లో మందున్న ఆసుపత్రికి ముందే ఫోన్ చేయడం. అన్నిటికంటే ముఖ్యం అంబు బ్యాగ్. కట్లపాము కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండవు. పొలం దగ్గర కింద పడుకున్న మనిషి తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయి, మింగలేక, తర్వాత ఊపిరి తీసుకోలేక పోతాడు. ఆ మనిషికి దారి పొడవునా అంబు బ్యాగ్ నొక్కుతూ తెస్తే బతుకుతాడు. మందు తర్వాత.

పురుగుల మందు తాగిన కేసులు మీ దారిలో ప్రమాదాల కంటే ఎక్కువే రావచ్చు. బట్టలు తీసేయండి, ఒళ్ళు కడగండి, చేతులకి గ్లౌజులు వేసుకోండి, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోటి నురగని సక్షన్‌తో తీయండి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించొద్దు. దీనికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మా దగ్గర ఎట్లా పోతుందో చెప్తే ఆశ్చర్యపోతారు. ఒక ఆంపూల్‌లో 0.6 మిల్లీగ్రాములు, మొదటి డోసుకే మూడు నుంచి ఐదు ఆంపూల్స్, ఫలితం లేకపోతే ఐదేసి నిమిషాలకి రెట్టింపు. బండిలో డాక్టర్ లేనప్పుడు ఆ పని మీది కాదు, కానీ ఏం తాగారో ఆ డబ్బా మాత్రం వెంట పంపండి. ప్రతిసారీ మేము అడిగేది అదే, ప్రతిసారీ ఇంట్లో వదిలేసి వస్తారు.

పాత_ఈఎంటీ | అనంతపురం

మేడం, ఒక్క మాట. మందులన్నీ తీసేయమంటే నేనొప్పుకోను. ట్రైనింగ్ ఉన్న ఈఎంటీ బండిలో ఉంటే, 108లో చేసినట్టు ఫోన్లో డాక్టర్ చెప్పగా ఇవ్వడం సాధ్యమే. షుగర్ పడిపోయి స్పృహ తప్పినవాడికి 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఇస్తే అక్కడే లేచి కూర్చుంటాడు. ఛాతీ నొప్పికి ఆస్పిరిన్ నమలమనడం పెద్ద విద్య కాదు, ఆ తర్వాత ఏరియా ఆసుపత్రికి చేరిస్తే వాళ్ళు ఈసీజీ చూసి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు.

రాత్రి_డ్యూటీ | కర్నూలు

ఈఎంటీ ఉంటే, ఆస్పిరిన్ ఎలర్జీ అడిగితే, ఫోన్లో డాక్టర్ ఉంటే సరే. శీను రాసినదాంట్లో ఈ మూడూ లేవు, వ్యాపారులూ కుర్రాళ్ళూ అని మాత్రమే ఉంది. మనుషులు ఎవరో తేలాక మందుల గురించి మాట్లాడదాం. ఇంకో సంగతి, మే నెలలో మన ఎండ. మూసి ఆపిన బండి లోపల 60 డిగ్రీలు దాటుతుంది. అడ్రినలిన్ 25 లోపు ఉండాలి, షుగర్ స్ట్రిప్పులు సాధారణంగా 30 లోపు, కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ అయితే 2 నుంచి 8 మధ్య ఫ్రిజ్‌లో. ఏఈడీకి కూడా మామూలుగా 50 డిగ్రీల హద్దు. ఎండకి పాడైన స్ట్రిప్పు చూపించే తప్పు అంకె నమ్మి డెక్స్‌ట్రోజ్ ఎక్కించారనుకోండి... అందుకే మందుల పెట్టె, ఏఈడీ, గ్లూకోమీటర్ బండిలో ఉంచకుండా గదిలో పెట్టండి, కాల్ వస్తే తీసుకుని ఎక్కండి.

బాషా_ఆటో_ఎలక్ట్రికల్ | కర్నూలు

నా సంగతి కరెంటు వరకే. బండి ఆపి లైట్లు, సక్షన్, చార్జర్లు అన్నీ వేసి గంట ఉంచితే స్టార్టింగ్ బ్యాటరీ దిగిపోతుంది, తర్వాత పేషంట్ బంధువులతో బండి తోయించాలి. రెండో బ్యాటరీ పెట్టండి, మధ్యలో ఐసోలేటర్ రిలే, ఇంజన్ నడుస్తున్నప్పుడే రెండూ కలుస్తాయి, ఆపితే విడిపోతాయి. ఆ రెండోదాన్ని ఇంజన్ గదిలో పెట్టొద్దు, మన ఎండకి తొందరగా చచ్చిపోతుంది, సీటు కింద లేదా వెనక పెట్టెలో. ఫ్యూజు బ్యాటరీ టెర్మినల్‌కి దగ్గరగా ఉండాలి, డ్యాష్ దగ్గర కాదు. వైరు ఎక్కడైనా రేకుకి రాసుకుని కరెంటు కలిసిందంటే పక్కనే ఆక్సిజన్, ఇంక చెప్పక్కర్లేదు. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ తీసుకోండి, చౌకదాంతో వైద్య పరికరాల చార్జర్లు కీచుమంటాయి, కొన్ని కాలిపోతాయి. అసలు 12 వోల్టుల చార్జర్ దొరికే పరికరమైతే ఇన్వర్టర్ జోలికే పోవద్దు.

మేడం చెప్పినట్టు మందులు గదిలోనే పెడితే బండిలో ఫ్రిజ్ అక్కర్లేదు, తీసేయండి, కరెంటు మొత్తం అదే తాగుతుంది.

లీడ్స్_కడపోడు | ఇంగ్లండ్

సిలిండర్ కట్టడం గురించి బాషా భాయ్ చెప్తాడనుకున్నా. యూరప్ అంబులెన్స్ ప్రమాణం ఈఎన్ 1789లో లోపలి సామాను 10 జీ కుదుపుకి ఊడకూడదని ఉంది, అంటే 15 కిలోల సిలిండర్ 150 కిలోల బరువుతో లాగినట్టు లాగినా కదలకూడదు. సైకిల్ ట్యూబుతోనో బంగీ తాడుతోనో కట్టింది సడన్ బ్రేకుకి నేరుగా డ్రైవర్ వీపుకి వస్తుంది. రేకుకి కాకుండా ఛాసిస్‌కి బోల్టు చేసిన బ్రాకెట్ కావాలి. బరువంతా కిందకి, వెనక ఇరుసుకి ముందు ఉండేటట్టు చూడండి. పైన క్యారియర్ మీద స్పైన్ బోర్డు (వెన్ను కదలకుండా పడుకోబెట్టే పలక) తప్ప ఏమీ వద్దు, అసలే ఎత్తు బండి.

గువ్వలచెరువు_మలుపు | కడప

హైవే మీద ఆపడం గురించి ఎవరూ రాయలేదేంది? సాయం చేయడానికి ఆగినవాళ్ళనే వెనక లారీ గుద్దిన సంఘటనలు మన వైపు కొత్త కాదు. 80 స్పీడులో లారీ సెకనుకి 22 మీటర్లు వస్తుంది. ట్రాఫిక్ కోన్ 50 మీటర్ల దూరంలో పెడితే డ్రైవర్‌కి రెండు సెకన్లు దక్కుతాయి, నిద్రమత్తులో అది ఏమూలకి? వీలైనన్ని కోన్లు, వీలైనంత దూరం నుంచి మొదలుపెట్టి ఏటవాలుగా. పగలైనా రాత్రైనా మెరిసే జాకెట్టు లేకుండా ఎవరూ దిగొద్దు. రాత్రి పూట పైన లైట్లు అన్నీ వెలిగిస్తే ఎదురొచ్చేవాడికి మనిషి కనపడడు, ముందు వైపు తెల్ల లైట్లు ఆపేయాలి.

పాత_ఈఎంటీ | అనంతపురం

దీనికి కలుపుతా. 44 మీద మధ్యలో డివైడర్. ఫోన్ చేసినవాడు "డోన్ దాటాక" అంటాడు, ఏ వైపు రోడ్డు అనేది చెప్పడు. అవతలి వైపైతే యూటర్న్ కోసం ఎంత దూరం పోవాలో మీకు తెలుసు. హైదరాబాద్ పోయే వైపా బెంగళూరు పోయే వైపా, పక్కన కిలోమీటరు రాయి మీద అంకె ఎంత, ఈ రెండే అడగండి. దాబాల గోడల మీద మీ బ్యానర్ బదులు ఈ రెండు ప్రశ్నలూ, ఆ దాబా దగ్గరి కిలోమీటరు నంబరూ రాయించండి. దీనికి సున్నం ఖర్చే. డివైడర్ దాటి నడిచి పోవాల్సి వస్తే, అందుకే బ్యాగులు అని మొత్తుకున్నా.

ఏఈడీ గురించి కూడా. గుండె ఆగినవాడికి షాక్ ఒక్క నిమిషం ఆలస్యమైతే బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందంటారు. హైవే ప్రమాదాల్లో అది పెద్దగా పనికిరాదు, అక్కడ రక్తం పోయి చనిపోతారు. కానీ ఊళ్ళో సంతలోనో, బస్టాండులోనో కూలిపోయినవాడికి అదే ప్రాణం. కాబట్టి కొనండి, బండితో పాటు ఊరికి కూడా లెక్కేసుకోండి. అది వచ్చేలోపు ఛాతీ నొక్కడం నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 సెంటీమీటర్లకి తక్కువ కాకుండా, రెండేసి నిమిషాలకి మనిషి మారాలి. ఒక్కడే పోయే బండి వద్దు అనడానికి కారణం ఇదే.

నాపరాయి_లారీ | బేతంచెర్ల

సరే శీనూ, నేనే ఒక మెట్టు దిగుతా. బండి పెట్టు. కానీ జీతం ఇచ్చి ఇద్దరు ఈఎంటీలని పెట్టుకోలేకపోతే బండి వద్దు, రెండు బ్యాగులు, రెండు బైకులు చాలు. మా గనుల్లో రాయి జారి కాలు నలిగినవాడి దగ్గరికి మీ బొలెరో ఎట్లాగూ రాదు.

వెల్దుర్తి_శీను | కర్నూలు జిల్లా

అందరికీ థాంక్స్. లిస్టు సగానికి తగ్గింది, పని రెట్టింపైంది. పాము మందు, ఫ్రిజ్, పెద్ద సిలిండర్ కొట్టేసినా. మావాళ్ళలో ఇద్దరు లైట్ బార్ కావాల్సిందే అని అలిగారు, వాళ్ళకి ఆర్టీవో అన్న మెసేజ్ చూపించినా, ఇప్పుడు ఆయన మీద అలిగారు. ముందు జిల్లాలో 108 చూసేవాళ్ళని కలుస్తాం, మా నంబరు వాళ్ళ దగ్గర, వాళ్ళ నంబరు మా దగ్గర ఉండేటట్టు. డోన్‌లో ఖాళీగా ఉన్న ఒక ఈఎంటీ కుర్రాడు దొరికాడు, ఇంకొకరు కావాలి, తెలిస్తే మెసేజ్ పెట్టండి. జీతం మాత్రం ఏడాదికి సరిపడా పక్కన పెట్టాకే బండి కొంటాం అని తేల్చుకున్నాం, దాని మీద నాన్న వయసు వాళ్ళతో గొడవ ఇంకా నడుస్తోంది.

మేడం, దాబా వాళ్ళ ట్రైనింగ్‌కి మీరు ఒక ఆదివారం రాగలరా? బాషా భాయ్, చూసిన బొలెరోలో ఏసీ ఉంది, రెండో బ్యాటరీ లోడ్ కూడా పడితే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ తట్టుకుంటుందా?

రాత్రి_డ్యూటీ | కర్నూలు

వస్తాను, నైట్ డ్యూటీ లేని ఆదివారం చెప్తా. 30 మందికి మించొద్దు, లేకపోతే ఛాతీ నొక్కడం నేర్చుకునే బొమ్మ మీద ఎవరూ చెయ్యి పెట్టరు. బొమ్మలు మీరు తెప్పించండి.

బాషా_ఆటో_ఎలక్ట్రికల్ | కర్నూలు

ఆల్టర్నేటర్ మీద ఆంపియర్ రాసి ఉంటుంది, ఫోటో తీసి పెట్టు. ఏసీ, హెడ్‌లైట్లు, బ్లోయర్ అన్నీ వేసి ఐడిల్‌లో ఉంచి మీటర్ పెట్టి బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడు, 13.5 కింద పడుతుంటే పెద్దది వేయాల్సిందే. అడ్వాన్స్ మాత్రం అది చూసేదాకా ఇవ్వొద్దు.